చదవటం వేరు, చదివింది తెలియటం వేరు

(మన సంఘం వార్షిక సమావేశంలో విశ్రాంత మండల విద్యాధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నాలుగు మాటలంటే నాలుగే చెప్పి కూర్చోవటం ముప్పై ఏడేళ్లు విద్యాశాఖలో పనిచేసినవాడికి చేతనయ్యే పని కాదు. అయినా భోజనాల వేళ దాటనివ్వనని మాట ఇస్తున్నాను.

ముందుగా మన సంగతే ఒకటి చెబుతాను. కొత్త జీవో వచ్చిన రోజున మన సంఘం ఆఫీసులో ఏం జరుగుతుందో మీకందరికీ తెలుసు. ఎవరో ఒకరు కళ్లజోడు సవరించుకుని, పైనున్న రెఫరెన్సులతో సహా ఆ జీవోను గడగడా చదువుతారు. ఎక్కడా తడబడరు. చదవటం పూర్తి కాగానే అందరం కలిసి ఒకే ప్రశ్న వేస్తాం: "అదంతా సరేనండీ, ఇంతకీ మనకు వచ్చేదెంత?" తమాషా ఏమిటంటే, చదివినాయన కూడా మనతో కలిసి అదే ప్రశ్న వేస్తారు!

ఈ "ఇంతకీ" అన్న మాట చుట్టూనే నా ప్రసంగం తిరుగుతుంది. అక్షరాలను నోటితో పలకటం ఒక పని. ఆ అక్షరాలు చెబుతున్న సంగతిని పట్టుకోవటం ఇంకొక పని. మన బళ్లలో చాలాకాలం మొదటి పనిని చూసి, రెండోది కూడా వచ్చేసినట్లే మార్కులు వేస్తూ వచ్చాం. అలా వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ తప్పు ఒప్పుకోవటానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

విజిట్ బుక్కులో నేను రాసిన మాట

1990 ప్రాంతంలో ఒక మారుమూల గ్రామంలోని ప్రాథమిక పాఠశాలను తనిఖీ చేశాను. ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులకూ ఒక్కరే పంతులుగారు. పాపం, మంచివారు, కష్టపడేవారు. మూడో తరగతి పిల్లల్ని లేపి తెలుగు వాచకం చదవమన్నాను. ఏ పాఠం చదవాలో నేనే చెప్పాను గాని, అది అప్పటికి పది సార్లు అయిపోయిన పాఠం. ఒకరి తరువాత ఒకరు చక్కగా చదివారు. అందులో ఒక పిల్లవాడు పేజీ చివరి మాట చదివేసి, పేజీ తిప్పకుండానే అవతలి పేజీలోని రెండు వాక్యాలు చెప్పేశాడు. తరువాత గుర్తొచ్చి గబుక్కున పేజీ తిప్పాడు.

నేను చూశాను. చూసి నవ్వుకున్నాను. పొద్దుపోతోంది, ఆ రోజు ఇంకో రెండు బళ్లు చూడాలి. విజిట్ బుక్కు తెప్పించుకుని "విద్యార్థులు ధారాళంగా చదువుచున్నారు. సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టి, వచ్చేశాను.

2009లో, నేను రిటైరైన ఐదేళ్లకు, పాసుబుక్కులో ఎంట్రీ వేయించుకోవటానికి బ్యాంకుకు వెళ్లాను. బెంచీ మీద కూర్చున్న ఒక యువకుడు లేచి నమస్కారం పెట్టాడు. "మాస్టారూ, తమరు మా మండలానికి ఎం.ఇ.ఓ.గారుగా చేశారు కదండీ" అని, తనది ఫలానా ఊరని చెప్పాడు. అదే ఊరు. అతని చేతిలో మడతలు పడ్డ కాగితం ఒకటి ఉంది. బంగారం తాకట్టు మీద తీసుకున్న అప్పుకు సంబంధించిన నోటీసు. తెలుగులోనే ఉంది.

"చదవటం రాదా నాయనా?" అన్నాను.

"ఎందుకు రాదండీ, ఐదు దాకా చదువుకున్నాను" అని అక్కడికక్కడే చదివి వినిపించాడు. గడువు మీరిందనీ, పదిహేను దినములలోగా అసలు, వడ్డీ చెల్లించని పక్షమున తాకట్టు ఆభరణములను విక్రయించి, వచ్చిన సొమ్మును ఋణఖాతాకు జమకట్టుకొనబడుననీ అందులో ఉంది. ఋకారంతో సహా ఒక్క అక్షరం తప్పు పోలేదు. చదవటం అయ్యాక కాగితం నాకిచ్చి, "ఇంతకీ ఇందులో ఏం రాశారు మాస్టారూ?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నువ్వేమనుకున్నావు నాయనా అని అడిగితే, "జమ అన్న మాట ఉంది కదండీ, మన పేరున ఏదో డబ్బు జమ పడిందనుకున్నాను. పక్షం అని కూడా ఉంది. పదిహేను రోజులాగి రమ్మన్నారేమోనని నెల్లాళ్లు ఊరుకున్నాను" అన్నాడు. కౌంటరు దగ్గరకు తీసుకెళ్లి అడిగించాను. ఆ గొలుసు వారం కిందటే అమ్ముడైపోయింది. అది అతని తల్లిది.

ఆ రోజు నేను చూసిన మూడో తరగతిలో అతనున్నాడో లేదో నేను చెప్పలేను. అతనికీ జ్ఞాపకం లేదు. కాని ఆ బడి విజిట్ బుక్కులో "సంతృప్తికరం" అని రాసింది మాత్రం నేనే. నోటీసు భాష కూడా కఠినమైనదే, కాదనను. కాని రాతలో ఒక్క తెలిసిన మాట పట్టుకుని, మిగతాదంతా ఊహించుకుని, అదే చదవటమనుకునే అలవాటు చిన్ననాడు బడిలోనే పడుతుంది. అది పట్టుకోవలసిన ఉద్యోగం నాది.

కూడిక కాదు, గుణకారం

రిటైరయ్యాక తీరిక దొరికి, ఈ విషయం మీద పెద్దలు ఏం చెప్పారో చదవటం మొదలుపెట్టాను. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పండితులు ఒక సులభమైన సూత్రం చెప్పారు. చదివి గ్రహించే శక్తి రెండిటి లబ్ధం. ఒకటి, రాతను మాటగా మార్చే శక్తి. రెండు, ఆ మాటను చెవితో వింటే అర్థం చేసుకునే శక్తి. గమనించండి, కూడిక కాదు, గుణకారం. ట్రెజరీలో పనిచేసిన మిత్రులకు నేను వేరే చెప్పనక్కరలేదు. రెండిటిలో ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే.

నాకు మన ఇళ్లలోనే రెండు రకాల పిల్లలూ కనిపించారు. మా పనిమనిషి కొడుకు నాలుగో తరగతి. పుస్తకం ఇస్తే కూడబలుక్కుంటాడు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. అదే కథ నేను చదివి వినిపిస్తే అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పి, పైగా నన్నే రెండు ప్రశ్నలు వేస్తాడు. వాడికి బుద్ధికి లోటు లేదు, భాషకు లోటు లేదు. లోటల్లా గుణింతాల్లో, ఒత్తుల్లో.

ఇక మా మనవడు. పట్నంలో ఇంగ్లీషు మీడియం, మూడో తరగతి. ఇంగ్లీషు పుస్తకం చదువుతుంటే రేడియో విన్నట్టుంటుంది. ఒకరోజు, రైతు వానలో చిక్కుకున్న కథ చదివాడు. రైతు 'డ్రెంచ్డ్' అయ్యాడని ఉంది. "అంటే ఏమిట్రా?" అంటే తెల్లముఖం వేశాడు. "తడిసి ముద్దయ్యాడు" అన్నాను. వెంటనే "అందుకా తాతయ్యా, ఇంటికెళ్లి తలుపు తీయమని అంతలా అరిచాడు!" అని కథంతా తనే చెప్పుకొచ్చాడు. వీడికి అక్షరాల లోటు లేదు. ఆ భాషలో మాటల లోటు.

ఇద్దరికీ పరీక్షలో వచ్చే మార్కులు ఒకటే కావచ్చు. కాని ఇద్దరికీ చేయవలసిన వైద్యం వేరు. ఒకడికి అక్షరాలు దిద్దించాలి, రెండోవాడికి కథలు చెప్పాలి, మాట్లాడించాలి. మార్కుల లిస్టు చూస్తే ఈ తేడా తెలియదు. పక్కన కూర్చుంటే తెలుస్తుంది.

ఇంకొక సంగతి. మన లిపిని తక్కువ అంచనా వేయకూడదు. యాభై పైచిలుకు అక్షరాలు నేర్పితే అయిపోయిందనుకుంటాం. ఒక్కొక్క హల్లుకు గుణింతం, దానికి ఒత్తులు కలిస్తే పిల్లవాడు గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపిలో పిల్లలు చదవటం ఎలా నేర్చుకుంటారో సొనాలీ నాగ్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకునే పిల్లలకంటే మన పిల్లలకు అక్షర సముదాయమంతా పట్టుబడటానికి ఎక్కువ కాలం, కొన్ని ఏళ్లు పడుతుందని తేల్చారు. కాబట్టి రెండో తరగతి పిల్లవాడు "స్త్రీ" దగ్గర, "రాష్ట్రం" దగ్గర ఆగితే వాడు మొద్దు అని తాతలు తీర్పు చెప్పవద్దని మనవి.

కొలతలు ఎలా వచ్చాయి

మన సర్వీసులో పఠనానికి విడిగా పరీక్ష అనేదే లేదు. తరగతిలో వాచకం చదివించటం, పరీక్షలో ప్రశ్నలకు జవాబులు రాయించటం, అంతే. 2005 నుంచి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ "అసర్" పేరుతో గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించటం మొదలుపెట్టింది. మొదట్లో నాకు కోపం వచ్చిన మాట నిజం. డిపార్టుమెంటును తిట్టటానికి ఇదొక కొత్త దారి అనుకున్నాను. తరువాత వారి కాగితం చూశాక కోపం తగ్గింది.

ఆ పరీక్షలో నాలుగు మెట్లు. అక్షరాలు, చిన్న పదాలు, మొదటి తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి ముందు పేరా ఇస్తారు. హాయిగా చదివితే కథ ఇస్తారు. లేకపోతే ఒక మెట్టు దిగి పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. పేరాలో మూడు తప్పుల వరకు మన్నిస్తారు. ఎక్కడ నిలబడగలిగితే అదే ఆ పిల్లవాడి మెట్టు. పెన్ను పేపరు ఉండవు, ర్యాంకు ఉండదు.

దాని లెక్కలు వినటానికి బాధగా ఉంటాయి గాని వినాలి. దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో ఐదో తరగతి పిల్లలలో రెండో తరగతి కథ చదవగలిగినవారు 2018లో 44.2 శాతం. కరోనాతో బళ్లు మూతపడి తెరిచాక 2022లో 38.5 శాతానికి దిగింది. 2024లో మళ్లీ 44.8 శాతానికి చేరింది. పోయింది తిరిగి వచ్చిందని సంతోషించాలి. సగానికి పైగా పిల్లలు ఇంకా ఆ మెట్టు ఎక్కలేదని గుర్తుంచుకోవాలి. అయితే ఈ పరీక్ష ప్రధానంగా చదవగలడా లేడా అన్నంత వరకే చూస్తుంది. నేను చెప్పిన యువకుడు ఈ పరీక్షలో పై మెట్టు మీదే నిలబడతాడు.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం "నిపుణ్ భారత్" ప్రారంభించింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడూ చదవగలగాలన్నది దాని ధ్యేయం. రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతిలో కనీసం 60 పదాలు చదవాలని పెట్టారు. అర్థం తెలిసి చదవాలని కూడా రాశారు. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు సుమారు పదివేల పాఠశాలల్లో 86 వేలమంది మూడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి పరీక్షించి, ఇరవై భాషలకు వేరువేరుగా ప్రమాణాలు నిర్ణయించారు. భాషకొక కొలత ఎందుకంటే, "వెళ్లలేకపోయాడట" అన్నది మనకు ఒకే పదం. అదే సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే ఆరేడు పదాలు కావాలి. ఒకే తక్కెడతో రెండూ తూచితే మన పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది. తెలంగాణలో 2022 ఆగస్టు నుంచి "తొలిమెట్టు" పేరుతో ఇదే ధ్యేయంతో కార్యక్రమం నడిపారు.

ఇదంతా మంచిదే. కాని నా అనుభవంతో ఒక హెచ్చరిక. పైవాళ్లు ఏది లెక్క అడిగితే కిందివాళ్లు అదే తయారు చేస్తారు. మన ఆఫీసుల్లో టార్గెట్ల సంగతి మీరెరగనిదా? నిమిషానికి ఇన్ని పదాలన్న అంకె ఒక్కటే మిగిలి, అర్థం తెలిసి అన్న మాట జారిపోతే, చేతిలో గడియారం పెట్టుకుని పరుగు పందెం నడిపినట్టవుతుంది. వేగం ఎందుకు కావాలంటే, అక్షరాల దగ్గరే శక్తంతా ఖర్చయిపోతే అర్థానికి ఏమీ మిగలదు కాబట్టి. వేగం బండి లాంటిది. ఊరు చేరటానికే గాని బండి ఎక్కటానికి ప్రయాణం చేయం కదా.

చింబరుల కథ

అర్థం తెలిసిందో లేదో ప్రశ్నలడిగి తెలుసుకోవచ్చు కదా అంటారు. ఏ ప్రశ్నలు? ఒక్క వాక్యం చెబుతాను, జాగ్రత్తగా వినండి. "నిన్న చింబరులు గొమ్మరలో మెల్లగా తిడికాయి."

చింబరులు ఎప్పుడు తిడికాయి? నిన్న. ఎక్కడ తిడికాయి? గొమ్మరలో. ఎలా తిడికాయి? మెల్లగా. సభలో అందరూ సరిగ్గా చెప్పారు, అందరికీ మూడుకు మూడు మార్కులు! కాని చింబరి అంటే ఏమిటో మీకూ తెలియదు, నాకూ తెలియదు. రాత్రి కూర్చుని నేను కల్పించిన మాటలివి.

మన పాఠాల చివర ఉండే ప్రశ్నల్లో చాలా భాగం ఇలాంటివే. ప్రశ్నలోని మాటను పాఠంలో వెతుక్కుని, ఆ వాక్యాన్ని ఎత్తి రాస్తే చాలు. గైడు కొంటే ఆ వెతుకులాట కూడా అక్కరలేదు.

మరి నిజంగా గ్రహించాడో లేదో చూసే ప్రశ్న ఎలా ఉండాలి? ఐదు వాక్యాల చిన్న కథ విన్నవిస్తాను. "సోమయ్య పొద్దున్నే సంతకు బయలుదేరాడు. కాలువ దగ్గర చెప్పులు చేత పట్టుకున్నాడు. సంతలో కుమ్మరివాళ్లెవరూ కనిపించలేదు. ఉత్త చేతులతో ఇంటికి వచ్చాడు. భార్య ఏమీ అనకుండా చిల్లికుండకే మైనం మెత్తి నీళ్లు పోసింది."

మొదటి ప్రశ్న: సోమయ్య ఎక్కడికి వెళ్లాడు? ఇది కథలోనే ఉంది, ఏరుకుంటే చాలు. రెండో ప్రశ్న: చెప్పులు చేత ఎందుకు పట్టుకున్నాడు? కాలువలో నీళ్లున్నాయని కథలో లేదు, పిల్లవాడు ఊహించాలి. మూడో ప్రశ్న: ఏం కొనటానికి వెళ్లాడు? కుండ కొనాలని ఎక్కడా లేదు. కుమ్మరివాళ్లను, చిల్లికుండను కలిపి చూసుకోవాలి. నాలుగో ప్రశ్న: భార్య ఏమీ ఎందుకు అనలేదు? దీనికి ఒకే జవాబు లేదు. మంచి మనిషి కనుక అనవచ్చు, మాటలు లేనంత కోపం వచ్చిందనవచ్చు. ఏది చెప్పినా ఎందుకలా అనుకున్నావో చెప్పగలిగితే మార్కు ఇవ్వాలి.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. నాలుగో తరగతి పిల్లల పఠనాన్ని అనేక దేశాల్లో 2001 నుంచి ఐదేళ్లకొకసారి పరీక్షించే "పిర్ల్స్" అనే అంతర్జాతీయ పరీక్ష ఉంది. అందులోనూ ఇలాగే నాలుగు అంతరాలు పెట్టుకున్నారు: ఉన్నదాన్ని ఏరటం, సూటిగా ఊహించటం, అక్కడివీ ఇక్కడివీ కలిపి అర్థం చెప్పుకోవటం, చదివినదాన్ని తూచి చూడటం. మొదటి అంతరంతోనే ఆగిపోతున్నది మన పరీక్ష. బ్యాంకు నోటీసుకు కావలసింది మూడోదీ, నాలుగోదీ.

ఇంట్లో పది నిమిషాలు

ఇక మనం చేయగలిగింది. మీ మనవడో మనవరాలో, పక్కింటి పిల్లవాడో, ఎవరైనా సరే. పది నిమిషాలు చాలు.

మొదటిది, పాఠ్యపుస్తకం ముట్టుకోవద్దు. నేను మోసపోయింది అక్కడే. వాడు ఇదివరకు చూడని కథ, దినపత్రికలో పిల్లల పేజీ వంటిది, ఎంచుకోండి.

రెండవది, పైకి చదవమనండి. మధ్యలో దిద్దకండి. ఇది మనకు చాలా కష్టమని తెలుసు, అయినా దిద్దకండి. న్యూజిలాండుకు చెందిన మేరీ క్లే అనే విద్యావేత్త ఒక తేలిక పద్ధతి నేర్పారు. కాగితం మీద, సరిగ్గా చదివిన ప్రతి మాటకు ఒక టిక్కు, తప్పిన మాటకు వాడేమన్నాడో రాసుకోవటం. నూటికి 95 పైన సరిగ్గా వస్తే ఆ పుస్తకం వాడికి తేలిక. 90కి తగ్గితే అది ప్రస్తుతానికి వాడి తలకు మించినది, ఇంకా చిన్న పుస్తకం ఇవ్వాలి. తప్పు ఎలాంటిదో కూడా చూడండి. "తాత బండి దిగాడు" అన్నదాన్ని "తాతయ్య బండి దిగాడు" అంటే వాడు అర్థంతోనే వెళుతున్నాడు. "తాత బంతి దిగాడు" అని చదివి, వింతగా ఉందే అని వెనక్కి రాకుండా ముందుకు పోతే, అక్షరాలు చూస్తున్నాడు గాని సంగతి చూడటం లేదు.

మూడవది, పుస్తకం మూసి, కథ సొంత మాటల్లో చెప్పమనండి. బామ్మకు చెప్పమంటే ఇంకా బాగా చెబుతారు.

నాలుగవది, సోమయ్య కథకు వేసినట్టు నాలుగు రకాల ప్రశ్నలు వేయండి. ఎందుకు అనుకున్నావు అని అడగటం మరవకండి.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది. చదవలేకపోతే, లేదా చదివీ చెప్పలేకపోతే, అదే స్థాయి కథ ఇంకొకటి మీరు చదివి వినిపించి ప్రశ్నలు వేయండి. విన్నప్పుడు చెప్పగలిగితే లోటు అక్షరాల్లో ఉంది. విన్నా చెప్పలేకపోతే భాషలో, మాటల్లో ఉంది. మందు ఏదో మీకే తెలిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఇది జబ్బు పేరు పెట్టే పరీక్ష కాదు. ముందు కళ్లు, చెవులు డాక్టరుకు చూపించండి. అన్నీ బాగుండి, ఎన్నాళ్లు శ్రద్ధ పెట్టినా అక్షరం పట్టుబడకపోతే నిపుణుల దగ్గరకు తీసుకెళ్లాలి. డిస్లెక్సియా వంటి ఇబ్బందులను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. అది సోమరితనం కాదు, తెలివితక్కువా కాదు. బెత్తంతో పోయేది అసలే కాదు.

చివరి మనవి

మిత్రులారా, పంతుళ్లను తప్పుపట్టటానికి నేనిది చెప్పలేదు. నలభైమంది పిల్లలున్న గదిలో ఒక్కొక్కరి పక్కన పది నిమిషాలు కూర్చుంటే దాదాపు ఏడు గంటల కాలం పోతుంది. పంతులుగారి దగ్గర ఆ కాలం లేదు. తల్లిదండ్రులు ఉద్యోగాలకు పోతున్నారు, వారి దగ్గరా లేదు. దేవుడి దయవల్ల ఆ కాలం దండిగా ఉన్నది మన దగ్గరే. పొద్దున పేపరు చదివాక, సాయంత్రం వాకింగు వేళ అయ్యేదాకా, మనం చేస్తున్న ఘనకార్యాలేమిటో మన ఇంట్లో ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

అందుకని కార్యవర్గం వారికి ఒక ప్రతిపాదన సమర్పించుకుంటున్నాను. ఇష్టమున్న ప్రతి సభ్యుడూ ఒక్క పిల్లవాణ్ణి ఎంచుకోవాలి. వారానికి రెండు రోజులు, రోజుకు అరగంట. డబ్బు ఖర్చు లేదు, రసీదు పుస్తకం అక్కరలేదు. ఆదివారం ఉదయం మన సంఘం హాలు ఎలాగూ ఖాళీగానే ఉంటుంది. పిల్లల పుస్తకాలకు ఒక బీరువా కేటాయిస్తే, నా వంతుగా నా దగ్గరున్న కథల పుస్తకాలన్నీ తెచ్చి ఇస్తాను. ప్రతి ఆదివారం తాళం తీయటానికి ముందుగా నేనే వస్తాను.

ఆ యువకుడు తరువాత కూడా రెండు మూడుసార్లు మా ఇంటికి వచ్చాడు. ఏ కాగితం వచ్చినా సంతకం పెట్టేముందు తెచ్చి చూపిస్తాడు. పోయిన ఏడు వాళ్లబ్బాయిని వెంట తెచ్చాడు. బీమా కాగితం ఒకటి ఇచ్చి ఆ పిల్లవాణ్ణి చదవమన్నాను. రెండు లైన్లు చదివి ఆగిపోయాడు. "ఇందులో 'మినహాయింపులు' అని ఉంది, అంటే ఏమిటి తాతగారూ?" అని అడిగాడు. వాళ్ల నాన్న నా ముందు వాడు తడబడ్డాడని సిగ్గుపడి, "చదవరా, ఆగుతావేం" అని గదిమాడు.

గదమవద్దన్నాను. తెలియని మాట దగ్గర ఆగి అడిగినవాడే చదువుతున్నవాడు. ఇప్పుడు నా చేతికి విజిట్ బుక్కు ఇచ్చేవాళ్లెవరూ లేరు. ఉంటే ఆ పిల్లవాడి గురించి "సంతృప్తికరం" అని రాసి, ఈసారి మనస్ఫూర్తిగా సంతకం పెట్టేవాణ్ణి.